డబ్బీలక్క, ఆమె వియ్యపురాలు

డబ్బీలక్క ఒకసారి పరుగెత్తుతున్న బస్సులోంచి వచ్చిన దగ్గు విని, రోడ్డుకు అడ్డంగా నిలబడి బస్సు ఆపి, పైకెక్కి, మూడో వరసలో కిటికీ పక్కన కూర్చున్న మనిషి భుజం మీద చెయ్యి వేసి, "ఐదు వారాలైంది నీకు, దిగు" అంది. ఆ మనిషి దిగాడు. ఆరు నెలలు మందు మింగాడు. ఇప్పుడు రెండు బస్తాలు ఒక్క భుజాన మోస్తున్నాడు.

సరే, బస్సు పరుగెత్తడం లేదు. టైరు పంచరై రోడ్డు పక్కన ఆగి ఉంది. మనిషి కూర్చున్నది నాలుగో వరసలో. ఐదు వారాలని కూడా ఆమె అనలేదు, "చాలా రోజుల్నుంచి ఉన్నట్టుందే" అంది. బస్తాల లెక్క కొంచెం అటూ ఇటూ. కాని మనిషి దిగిన మాట నిజం, మందు మింగిన మాట నిజం, బతికున్న మాట అన్నిటికన్నా నిజం. మిగతాదంతా ఆ మూడు నిజాలు కూర్చోడానికి వేసిన పీట.

ఆమె ఆ ఆరోగ్య కేంద్రంలో ఆయా. కాగితం ప్రకారం ఆమె పని నేల తుడవడం, బల్లలు దులపడం, పొద్దున్నే వరండాలో కూర్చుని టోకెన్లివ్వడం. కళ్ళె పరీక్షకు వాడే మూతల డబ్బీలున్న బీరువా తాళం ఆమె దగ్గర ఉండాలని ఏ కాగితంలోనూ లేదు. ఇరవై రెండేళ్ళ కిందట ఒక నర్సు బదిలీ అయి వెళ్తూ, "కాస్త ఇది చూస్తూ ఉండు" అని చేతిలో పెట్టింది. ఆ నర్సు మళ్ళీ రాలేదు, ఈమె మళ్ళీ ఇవ్వలేదు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఎటో పోయి డబ్బీలక్క మిగిలింది.

ఇరవై రెండేళ్ళు ఒకే స్టూలు మీద కూర్చుంటే ఎవరికైనా ఏదో ఒకటి పట్టుబడుతుంది. ఆమెకు పట్టుబడిందేమిటంటే, జనం వరండాలో దగ్గుతారు, గదిలో దగ్గరు. బల్ల మీద కూర్చున్నంతసేపూ పేగులు బయటికొచ్చేలా దగ్గిన మనిషి, డాక్టరు గడప తొక్కగానే ఊపిరి బిగబడతాడు. మోకాళ్ళ నొప్పంటాడు, తిన్నది అరగడం లేదంటాడు, నిద్ర పట్టడం లేదంటాడు. నిద్ర ఎందుకు పట్టడం లేదో మాత్రం చెప్పడు. డాక్టరు తలెత్తకుండా "దగ్గుందా?" అంటాడు. మనిషి "లేదండి" అంటాడు. అంతటితో ఊపిరితిత్తుల విచారణ ముగుస్తుంది. పక్క గదిలో కాంపౌండరు గులాబీ రంగు మందు సీసాలో వంచుతాడు. కాలు బెణికినవాడికీ అదే, కడుపు నొచ్చినవాడికీ అదే. తియ్యగా ఉంటుందని దానికోసం జబ్బు తెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారని చెప్పుకుంటారు.

దగ్గు దాచుకోడానికి కారణం లేకపోలేదు. రెండు వారాలు దాటిన దగ్గంటే డబ్బీ చేతికొస్తుంది. డబ్బీ చేతికొస్తే వీధికి తెలుస్తుంది. వీధికి తెలిస్తే కంచం వేరవుతుంది, మంచం వేరవుతుంది, కుదిరిన సంబంధం వెనక్కి పోతుంది. క్షయ ప్రాణం తియ్యడానికి ఏళ్ళు పడుతుంది, వీధి పరువు తియ్యడానికి ఒక పూట చాలు. అందుకని జనం రెండోదానికి భయపడి మొదటిదాన్ని ఇంట్లో పెట్టుకుని పోషించేవాళ్ళు.

డబ్బీలక్క "దగ్గుందా" అని అడగడం మానేసింది. టోకెను చేతికిస్తూ, ఏదో ఊసుపోక అడిగినట్టు, "మీ గోడవతల ఎవరైనా దగ్గుతున్నారా?" అనేది.

అంతే, గట్టు తెగేది. తన దగ్గు సంగతి అడిగితే బెల్లం కొట్టిన రాయిలా కూర్చునే మనిషి, పక్కింటి దగ్గు సంగతి అడిగితే అది ఎప్పుడు పుట్టిందో, ఎలా పెరిగిందో, ఏ వేళకు లేస్తుందో పూసగుచ్చినట్టు చెప్పేవాడు. గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు గాని, పక్క గింజ నలుపు మాత్రం కొలతలతో సహా తెలుసు. ఆమె టోకెను పుస్తకం వెనక పెన్సిలుతో ఇంటి గుర్తు రాసుకునేది. డ్యూటీ దిగాక గుడ్డసంచీలో నాలుగు డబ్బీలు వేసుకుని ఆ ఇంటి తలుపు కొట్టేది. తలుపు తీసినవాళ్ళెవరూ పూలదండ వెయ్యలేదు. ఒకావిడ మేడ మీంచి బకెట్టు నీళ్ళు గుమ్మరించింది. డబ్బీలక్క కొంగు పిండుకుని, "నా స్నానం అయింది, ఇక మీ ఆయన్ని పిలువు" అంది. ఆయన వచ్చాడు.

అలా ఆమె పట్టుకున్నవాళ్ళు వెయ్యి మంది. వెయ్యి కాదు గాని, నూట పదిహేడు. రిజిస్టరులో ఉన్నారు. వాళ్ళలో ఎవరి పేరు పక్కనా ఆమె పేరు లేదు.

కొత్తగా వచ్చిన చిన్న డాక్టరు చెడ్డవాడు కాదు. పూటకు రెండు వందల మందిని చూడాల్సినవాడు. మనిషికి మరో నిమిషం ఇస్తే మధ్యాహ్నం అన్నం సాయంత్రానికి దొరుకుతుంది. అతని బల్ల మీదికి నూలు మిల్లు లైన్ల నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. ఇక్కడి ఆయమ్మ ఇళ్ళలోకి దూరి, మర్యాదగా బతుకుతున్న ఆడవాళ్ళను డబ్బీలో ఉమ్మమంటోందని దాని సారాంశం. డాక్టరు ఆమెను పిలిపించాడు.

"మీరు చీపురు పట్టుకోండి. స్టెతస్కోపు నేను పట్టుకుంటాను" అన్నాడు.

"పట్టుకోండి బాబూ. అది మీ మెళ్ళో ఉండగా రోజూ చూస్తున్నాను. చెవిలో ఉండగా ఒకసారి చూడాలని ఉంది."

పక్క గదిలో సీసాల చప్పుడు ఆగిపోయింది. డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఓపిక పట్టి, పై ఆఫీసుకు పంపబోయే కాగితం తిప్పి చూపించాడు. మిల్లు లైన్లలో ఈ ఏడాది కొత్త క్షయ రోగి ఒక్కరూ లేరని అందులో ఉంది. అంత మంచి మాట రాస్తుంటే మధ్యలో ఈ గొడవ దేనికని అతని బాధ.

"వెతక్కపోతే ఎవరుంటారు బాబూ? నేను కళ్ళు మూసుకుంటే ఈ గదిలో మీరు కూడా లేరు" అంది ఆమె.

ఆ రోజు నుంచి ఒక నియమం పుట్టింది. డాక్టరు చీటీ రాస్తే తప్ప డబ్బీ బీరువా దాటకూడదు. తాళం మాత్రం ఎవరూ అడగలేదు. అడిగినా దొరకదని కాంపౌండరు ముందే చెవిలో వేశాడు.

ఇంతకూ ఆ ఫిర్యాదు పెట్టింది పరాయి మనిషి కాదు. స్వయానా ఆమె వియ్యపురాలు.

మిల్లు లైన్లంటే నూలు మిల్లు వెనక ఆరు వరసల ఇళ్ళు. వరసకు పన్నెండు గుమ్మాలు, గుమ్మానికి గదిన్నర, ఇంటికీ ఇంటికీ మధ్య ఒంటి ఇటుక గోడ. ఒక ఇంట్లో గరిటె జారితే మూడో ఇంట్లో పసిపిల్ల ఉలిక్కిపడుతుంది. డబ్బీలక్క తన ఒక్క కూతురిని నాలుగేళ్ళ కిందట అందులో మూడో వరసకు ఇచ్చింది. అల్లుడు మిల్లులో తెగిన దారాలు ముడివేసే పనివాడు, నోట్లో నాలుక లేనివాడు. ఆ ఇంటికి రావలసిన నాలుకలన్నీ అతని తల్లికే వచ్చాయి.

ముప్పై ఏళ్ళు అదే మిల్లులో పనిచేసి దిగిన ఆవిడను లైన్లలో సైరనమ్మ అంటారు. తెల్లవారి మిల్లు సైరను మోగడానికి పది నిమిషాల ముందు ఆవిడ దగ్గు మోగేది. ఆ దగ్గు విని స్టవ్వు వెలిగించుకునే ఇళ్ళున్నాయి. ఆవిడ ఒకసారి చెల్లెలింటికి వెళ్తే ఆ మర్నాడు మొదటి షిఫ్టు మొత్తం ఆలస్యంగా వచ్చింది. మొత్తం కాదు, మూడో వరస వరకే. ఇదేం దగ్గమ్మా అంటే, "దూది దగ్గు" అనేది ఆవిడ. మిల్లులో చేసినవాళ్ళందరికీ నూగు ఊపిరిలోకి పోయి ఉంటుంది, అందరూ దగ్గుతారు, దాని పేరు దూది దగ్గు. ఆ పేరు చాటున ఏ దగ్గైనా దాక్కోవచ్చునని డబ్బీలక్క అనుమానం.

అనుమానం వెనక భయం ఉంది. ఏడాదిన్నర మనవరాలు పొద్దస్తమానం సైరనమ్మ ఒళ్ళోనే. నిద్ర లేచేది ఆ ఒళ్ళో, అన్నం తినేది ఆ చేత్తో. ఆ దగ్గులో క్షయ ఉంటే పసిదాని ఊపిరితిత్తులెంత, బొటనవేలంత. నూట పదిహేడు మందికి పనికొచ్చిన తన చెవి సొంత మనవరాలికి పనికిరాకపోతే ఎందుకని ఆమెకు తిండి సహించేది కాదు. అలాగని కూతురి అత్తగారికి క్షయ ఉందని నోరు జారితే, కూతురు కాపురం చేస్తున్న ఇంటికే మచ్చ అంటుతుంది.

కూతురు ఒకసారి పంపు దగ్గర ఒంటరిగా దొరికినప్పుడు చెప్పింది. గట్టిగా కాదు, ఆ పిల్ల ఏదీ గట్టిగా చెప్పదు.

"అమ్మా, నా కాపురంలో దగ్గులు వెతక్కు."

ఆ మాటకు డబ్బీలక్క రెండు రోజులు ఆగింది. మూడో రోజు ఆదివారం. డాక్టరు చీటీ లేకుండానే బీరువా తీసి ఒక డబ్బీ సంచీలో వేసుకుని, పొద్దున్నే వెళ్ళి వియ్యపురాలి గుమ్మంలో కూర్చుంది. లోపలికి రమ్మంటే రాలేదు. మంచినీళ్ళిస్తే తాగలేదు. డబ్బీ నింపి ఇచ్చేదాకా లేవనంది. పనున్నట్టు నటిస్తూ మూడో వరస మొత్తం బయటికొచ్చింది. ఊడ్చిన వాకిలినే మళ్ళీ ఊడ్చారు. మధ్యాహ్నానికి సైరనమ్మ పరువు లెక్క వేసుకుని చూసుకుంది. ఈవిడను గుమ్మంలో ఉంచుకోవడం కన్నా డబ్బీ పుచ్చుకోవడమే చవక.

మర్నాడు డబ్బీ వచ్చింది. డబ్బీలక్క మూత తిప్పి చూసి, అల్లుడి చేతికే తిరిగి ఇచ్చేసింది. తెల్లవారి లేవగానే గట్టిగా దగ్గి లోపల్నుంచి తెచ్చిన కళ్ళె కావాలి. ఇందులో ఉన్నది పెదవుల మీది ఉమ్మి. "కవరు అంటించుకోడానికి పనికొస్తుంది, పరీక్షకు కాదని మీ అమ్మతో చెప్పు నాయనా" అంది. అల్లుడు ఆ మాట తల్లికి ఎలా చెప్పాడో తెలియదు. వారం పోయాక రెండో డబ్బీ వచ్చింది. అది మరీ తేటగా ఉంది. పంపు నీళ్ళను ఇరవై రెండేళ్ళ అనుభవం గుర్తు పట్టలేకపోతుందా? అదీ వెనక్కి వెళ్ళింది.

మూడో డబ్బీ పాత కాగితంలో చుట్టి వచ్చింది. డబ్బీలక్క దాన్ని వరండా వెలుగులోకి ఎత్తి చూసింది. చిక్కగా, పచ్చగా, అడుగంటి ఉంది. ఆమె ముఖం విప్పారింది. "కళ్ళె అంటే ఇదీ. ఇంత మంచి కళ్ళె ఈ ఏడాదిలో చూడలేదు. మీ అమ్మకు ఇప్పటికి బుద్ధొచ్చింది నాయనా" అని అల్లుణ్ణి మెచ్చుకుంది. అల్లుడు కాళ్ళవంక చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

దాన్ని తీసుకుని నేరుగా డాక్టరు ముందు పెట్టింది. చీటీ లేకుండా డబ్బీ బయటికెలా వెళ్ళిందని అతను అడిగాడు. "ఇది ఏమీ లేదని తేలితే, రేపట్నుంచి చీపురు తప్ప ఇంకేదీ ముట్టుకోను. తాళం మీ చేతిలో పెడతాను" అంది. డాక్టరు ఆ బేరం రెండుసార్లు ఆలోచించలేదు. గొలుసుకట్టు రాతలో చీటీ రాసి సంతకం పెట్టాడు. ఆమె పీడ విరగడవుతుందంటే ఇంకో పది చీటీలైనా రాసేవాడు.

మూడో రోజు పట్నం ల్యాబు నుంచి కాగితం వచ్చింది. క్షయ ఉంది. బాగా ఉంది.

డాక్టరు ఆ కాగితం చదివాడు. తర్వాత పై ఆఫీసుకు రాసిన కాగితం బయటికి తీసి, నిలువుగా చింపి బుట్టలో వేశాడు. అనవలసిన మాటలు డబ్బీలక్క మూటగట్టుకుంది. అనడానికి ఆమెకు వేరే చోటుంది.

ఆ సాయంత్రం మిల్లు లైన్లలోకి ఆమె నడిచిన నడక చూసినవాళ్ళు, ఎన్నికల్లో గెలిచిన మనిషి కూడా అలా నడవడన్నారు. ఒక చేతిలో మాత్రల పెట్టె, మరో చేతిలో కాగితం. సైరనమ్మ అరుగు మీద మనవరాలికి అన్నం పెడుతోంది. కూతురు లోపల బట్టలు మడతపెడుతోంది. డబ్బీలక్క నిలబడే మొదలుపెట్టింది. దూది దగ్గన్నావు, నా మీద ఫిర్యాదు రాయించావు, డబ్బీలో నీళ్ళు పోసి పంపావు, ఇప్పుడేమంటావు వదినా అంది. నా మనవరాలి నోట్లో ముద్ద పెట్టే చెయ్యి ఎవరిదో ఇప్పుడు తేలింది కదా అంది. అయినా నిన్ను వదిలెయ్యను, ఆరు నెలలు దగ్గరుండి మింగిస్తాను, నువ్వు తిట్టినా మింగిస్తాను అంది. చాలా అంది. దారి పొడుగునా కూర్చుకుంటూ వచ్చిన మాటలు, ఒక్కటీ వృథా పోనివ్వలేదు.

అప్పటికి గాని ఆమెకు తట్టలేదు, వియ్యపురాలు ఎదురు మాట్లాడటం లేదని. నాలుగేళ్ళలో అది మొదటిసారి.

సైరనమ్మ పిల్లను ఒళ్ళోంచి దించింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"వదినా, ఆ డబ్బీలో ఉమ్మింది నేను కాదు."

ఎవరని ఆమె అడగలేదు. లోపల బట్టలు మడతపెట్టే చప్పుడు ఆగిపోయింది.

సైరనమ్మ నెమ్మదిగా చెప్పుకొచ్చింది. రెండుసార్లు డబ్బీ వెనక్కి వచ్చింది. తనది పంపితే ఏం తేలుతుందోనని భయం. కోడలు పడుచుపిల్ల, నిక్షేపంలా ఉంది, దానిది పంపితే ఏమీ లేదని వస్తుంది, నీ నోరు మూతపడుతుంది అనుకుంది. పొద్దున్నే కోడలి చేతికి డబ్బీ ఇచ్చింది. కోడలు గోడవైపు తిరిగి ఒక్కసారి దగ్గి ఇచ్చేసింది. తనకు రెండుసార్లు ఎంత తంటాలు పడ్డా రానిది ఆ పిల్లకు అంత సులువుగా ఎలా వచ్చిందని ఆ రోజు తట్టలేదు. ఇప్పుడు తడుతోంది.

డబ్బీలక్క అరుగు మీద కూలబడింది. గుమ్మంలో నిలబడిన కూతురిని చూసింది. చూడటం కొత్త కాదు, వారానికోసారి చూస్తూనే ఉంది. రవికె చేతులు వదులైతే పిల్లకు పాలిస్తోంది కదా అనుకుంది. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చగా ఉంటే పని ఒత్తిడి అనుకుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటే అత్తగారి ముందు అణకువ అనుకుని మురిసిపోయింది. ఊరందరి గోడలకూ చెవి ఆనించిన మనిషి, కూతురి గుండెకు ఆనించలేదు. ఆ కళ్ళెను వెలుగులోకి ఎత్తి పట్టుకుని, ఎంత బాగుందని మెచ్చుకున్న మాట ఆమెకు గుర్తొచ్చింది. దాన్ని తలుచుకుని ఆ తర్వాత ఎన్ని రోజులు ఏడ్చిందో ఎవరూ లెక్కపెట్టలేదు, ఆమె లెక్కపెట్టనివ్వలేదు.

"ఎప్పట్నుంచే?" అంది.

"మూడు నెలలు."

"చెప్పలేదేం?"

"మీరిద్దరూ ఒక దగ్గు కోసం కొట్టుకుంటున్నారు. నేను కూడా దగ్గితే ఇల్లు ఏమవుతుందో అనుకున్నాను."

గోడలు ఒంటి ఇటుకవి కదా, పక్కింట్లోంచి సైరనమ్మ బావగారు వచ్చేశాడు. ఆ కుటుంబానికి పెద్ద. ఆయన ఎదుట సైరనమ్మ ముప్పై ఏళ్ళుగా నోరు విప్పి ఎరగదు. తలుపు చాటు నుంచి మాట్లాడేది, అదీ ఎవరితోనో చెబుతున్నట్టు. ఆయన వాకిట్లోనే నిలబడి, లోపలికి అడుగు పెట్టకుండా తీర్పు చెప్పాడు. కోడలిని ఈ రాత్రికి ఈ రాత్రే పుట్టింటికి పంపించెయ్యాలి, నయమైతే అప్పుడు చూద్దాం, పిల్ల ఇక్కడే ఉంటుంది.

"మీరు పంపేదేమిటి, నేనే తీసుకుపోతాను. పద అమ్మాయీ" అని డబ్బీలక్క లేచింది.

"కూర్చో వదినా" అంది సైరనమ్మ. ఆ తర్వాత తలుపు చాటుకు వెళ్ళలేదు. వాకిట్లోకి దిగి బావగారికి ఎదురుగా నిలబడింది.

"పదేళ్ళుగా ఈ గోడవతల నేను దగ్గుతున్నాను బావగారూ. మీ నిద్ర పాడైందే గాని నన్ను పంపించెయ్యమని మీరనలేదు. మీ తమ్ముడి పెళ్ళాన్ని గనక అనలేదు. ఇది నా కొడుకు పెళ్ళాం. ఇది కూడా ఎక్కడికీ వెళ్ళదు."

ఎదుటి వరసలో ఎవరో కిటికీ తలుపు ఇంకొంచెం తీశారు. సైరనమ్మ అటు తిరిగి, కష్టపడి వినక్కర్లేదని, నా కోడలికి క్షయ వచ్చిందని, ఆ డబ్బీ అబద్ధం ఆడి పంపింది నేనేనని, కావాలంటే ఇంకోసారి చెబుతానని వీధికంతా వినపడేలా చెప్పింది. చెప్పాక దగ్గు తెర వచ్చింది. దగ్గింది. ఆ దగ్గుకు ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

డబ్బీలక్క మాత్రం ఊరుకోలేదు. నా కూతురు నా ఇష్టం అంది. నీ కూతురే, నా కోడలు కూడా అంది సైరనమ్మ. పక్కనే ఉండి మూడు నెలలు వినలేదే నువ్వు, అంది ఈమె. ఊళ్ళో దగ్గులన్నీ విన్నదానివి నువ్వెందుకు వినలేదు, అంది ఆవిడ. రెండూ తగలవలసిన చోటే తగిలాయి.

అప్పుడు కూతురు గుమ్మం దిగింది. తల్లి చేతిలోంచి మాత్రల పెట్టె తీసుకుంది.

"నేనెక్కడికీ వెళ్ళను. మందు ఇక్కడే మింగుతాను. తలుపు తీసి మింగుతాను."

ఏదీ గట్టిగా చెప్పని పిల్ల చెప్పిన మొదటి గట్టిమాట అది. బావగారు దానికి తీర్పు లేక వెళ్ళిపోయాడు.

మర్నాడు చిన్న డాక్టరు స్వయంగా వచ్చాడు. స్టెతస్కోపు చెవిలోనే ఉంది. కూతురిని చూశాడు, పసిదాన్ని చూశాడు. పిల్లకు జబ్బు అంటలేదు, అంటకుండా మందు రాశాడు. పాలు మాన్పించక్కర్లేదు, నోటికి గుడ్డ కట్టుకుని ఇవ్వమన్నాడు. కిటికీ మూయవద్దన్నాడు. సైరనమ్మ చేత ఈసారి తన ఎదురుగా దగ్గించి నిజం డబ్బీ పట్టాడు. అది ఏమీ లేదని వచ్చింది. దూది దగ్గే. ఆ కాగితాన్ని సైరనమ్మ తలుపు మీద అంటించింది. "నేను చెప్పలేదూ?" అని దారిన పోయేవాళ్ళందరికీ చూపించేది. ఎంత జరిగినా గెలుపు గెలుపే.

ఇక మొదలైంది అసలు పని. పొద్దున్నే మొదటి షిఫ్టు జనం మిల్లుకు వెళ్ళే వేళకు కూతురు గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేది. సైరనమ్మ నీళ్ళ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడేది. డబ్బీలక్క డ్యూటీకి వెళ్తూ దారి మార్చుకుని వచ్చి ఎదురుగా నిలబడేది. ఆ పిల్ల అందరూ చూస్తుండగా మాత్రలు ఒక్కొక్కటే నాలుక మీద పెట్టుకుని మింగేది. చాటుగా మింగవచ్చు, ఎవరూ కాదనలేదు. కాని చాటున పెరిగిందాన్ని చాటునే చంపితే వీధికి ఏం తెలుస్తుందని ఆ పిల్ల పట్టుదల.

మొదటి వారం జనం రోడ్డుకు అవతలి పక్కన నడిచారు. కొందరు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నారు. పంపు దగ్గర బిందెలు దూరం జరిగాయి. "జరపండి, జరపండి. జబ్బు నడిచి రాదు, మీరు నడిచి రావాల్సిందే, డబ్బీకి" అనేది సైరనమ్మ. ఒకప్పుడు ఫిర్యాదు రాయించిన నోరే. అల్లుడు కూడా మారాడని చెప్పుకోవాలి. మిల్లులో ఎవడో పళ్ళికిలిస్తే, నాలుక దొరికినట్టుంది, మా ఆవిడ మందు మింగుతోంది, మీ ఆవిడ ఏం మింగుతోంది అని అడిగాడట.

తొమ్మిదో రోజు ఐదో వరస నుంచి ఒకామె వచ్చింది. అటూ ఇటూ చూసి, సైరనమ్మ పక్కన నిలబడి, ఎవరి గురించో చెబుతున్నట్టు, మా ఇంట్లో ఒకరికి నెల దాటిందమ్మా అంది. డబ్బీలక్క ఎవరికని అడగలేదు. సంచీలోంచి డబ్బీ తీసి ఆమె చేతిలో పెట్టింది. తెల్లవారి లేవగానే, గాలి తగిలేచోట, లోపల్నుంచి అని మాత్రం చెప్పింది. మర్నాడు ఇద్దరు వచ్చారు. నెల తిరిగేసరికి లైన్లలో నాలుగు వందల డబ్బీలు తిరిగాయి. నాలుగు వందలు కాదు, అరవై నాలుగు. చీటీలన్నీ చిన్న డాక్టరే రాశాడు, చెయ్యి నొప్పి పుట్టేదాకా. అందులో నలుగురికి తేలింది. ముగ్గురు మందు మింగి పనుల్లోకి వెళ్ళారు. నాలుగోవాడు యంత్రాలు బాగుచేసే మేస్త్రీ. లైన్లన్నిటిలోకీ బలశాలి. రెండేళ్ళు దూది దగ్గనుకున్నాడు. మందు మొదలుపెట్టిన పదిహేడో రోజున పోయాడు. ఆ రోజు డబ్బీలక్క మొదటిసారి గాదు గాని, అందరూ చూసేలా మొదటిసారి ఏడ్చింది. ఏడుస్తూనే అతని ఇంట్లో ఆరుగురికీ డబ్బీలిచ్చింది.

పై ఆఫీసుకు ఆ ఏడాది వెళ్ళిన కాగితంలో మిల్లు లైన్ల పక్కన ఐదు అని ఉంది. ఆ సంఖ్య ఎలా పెరిగిందని పైనుంచి గట్టిగా అడిగారు. చిన్న డాక్టరు ఒక్క ముక్కలో జవాబు రాశాడు: "వెతికాం."

ఆరు నెలలకు కూతురి మందు పూర్తయింది. చివరి మాత్ర రోజున కూడా ఏమీ ప్రత్యేకంగా చెయ్యలేదు. అదే పీట, అదే గ్లాసు. ఒకే తేడా, రోడ్డుకు అవతలి పక్కన నడిచేవాళ్ళు లేరు. రవికె చేతులు బిగుతయ్యాయని, కొత్తవి కుట్టించాలని ఇద్దరు వియ్యపురాళ్ళూ మళ్ళీ తగువు పడ్డారు.

ఇదంతా నేను రాసి డబ్బీలక్కకు చదివి వినిపిస్తే, ఆమె స్టూలు మీంచి లేవకుండా, సంచీలో డబ్బీల మీద అమ్మాయి కొత్త రవికె గుడ్డ సర్దుకుంటూ చివరిదాకా విన్నది.

"ఇందులో ఒక్క ముక్క జరగలేదు. మా అమ్మాయికి ఏ రోగమూ రాలేదు, మా వదిన ఏ డబ్బీ పంపలేదు, నేను ఎవరి ముందూ ఏడవలేదు. అసలు నాకు కూతురే లేదు" అంది.